కింది వాటా పెద్దమనిషి

సెప్టెంబరు 2, సోమవారం

ఈ డైరీ ఇచ్చింది గుండె డాక్టరు. ఆపరేషన్ అయ్యేదాకా రోజూ ఆయాసం వచ్చిందో లేదో, కాళ్ళు వాచాయో లేదో రాసుకురమ్మన్నాడు. రోజుకొక పేజీ ఇచ్చి రెండు ముక్కలు రాయమంటే మిగతా కాగితమంతా దండగ. దండగ చేయడం నాకు చేతకాదు. పైగా రాయవలసిన విషయం ఈరోజే ఒకటి దొరికింది.

ఆయాసం: లేదు. వాపు: లేదు.

మా ఆయన నాతో అబద్ధం చెబుతున్నారు.

పొద్దున మందుల షాపులో రిటైరైన పోస్టుమాస్టరుగారి భార్య కనిపించింది. "మీ ఆయన మా ఇంటివైపు రావడమే మానేశారేమండీ? పాపం ఈయన చదరంగం బల్ల ముందేసుకుని రెండు పక్కలా తనే ఆడుకుంటున్నారు. ఓడిపోయిన రోజు అన్నం కూడా సరిగా తినరు," అంది.

జనవరి నుంచీ ఆయన సోమ, బుధ, శుక్రవారాల్లో చొక్కా ఇస్త్రీ చేసుకుని, నాలుగింటికి, పోస్టుమాస్టరుగారింట్లో చదరంగమని చెప్పి వెళుతున్నారు. చదరంగానికి ఇస్త్రీ చొక్కా ఎందుకన్న ప్రశ్న నాకు జనవరిలోనే రావలసింది.

సాయంత్రం ఇంటికి వచ్చాక అడిగాను.

"ఇవాళ ఎవరు గెలిచారు?"

"ఆయనే," అన్నారు చెప్పులు విప్పుతూ.

"ఎలా?"

"గుర్రంతో."

ఈయన ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి. సీటు వెనక 'డ్రైవరుతో మాట్లాడరాదు' అని బోర్డుండేది. రిటైరై బస్సు దిగినా ఆ బోర్డు దిగలేదు. ఏదడిగినా కాసేపు ఆగి, అద్దంలో వెనక్కి చూసుకుని, అప్పుడు జవాబిస్తారు. అలాంటి మనిషి తడుముకోకుండా 'గుర్రంతో' అన్నారు. నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. కష్టపడి చేసిన జవాబేదో, పక్కవాడి కాగితంలోంచి ఎత్తిన జవాబేదో చూడగానే తెలుస్తుంది.

ఆపరేషన్ ఈ నెల 27, శుక్రవారం. గుండెలో ఒక కవాటం మార్చాలి. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తకూడదని తేదీ ఖాయమైన రోజే చెప్పేశాను. ఎవరూ ఎత్తలేదు. ఆయన అసలే ఎత్తలేదు. మంచిదే.

సెప్టెంబరు 3, మంగళవారం

ఆయాసం: లేదు.

స్నానాల గదిలో ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నారు. నీళ్ళ చప్పుడులో సగమే వినబడింది. మన భాష కాదు. తలుపు కొట్టి, "ఎవరితో?" అన్నాను.

"కుళాయితో," అన్నారు లోపలినుంచి. "కారుతోంది. ఆగమంటున్నాను."

కుళాయి కారడం లేదు. తరువాత వెళ్ళి చూశాను.

సెప్టెంబరు 4, బుధవారం

ఆయన వెనక వెళ్ళాను. వెళ్ళడమంటే పెద్ద కష్టమేమీ కాలేదు. ఈ రూటు డ్రైవర్లందరూ ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. ఆయన ఎక్కిన బస్సు పోనిచ్చి, వెనకాలే వచ్చినదెక్కి, "మీ గురువుగారు ఏ స్టాపులో దిగుతారు బాబూ?" అన్నాను.

"చివరి స్టాపమ్మా. ఎప్పుడూ అక్కడే. గొడుగు మరిచిపోయారా?"

"మరిచిపోయినవి చాలానే ఉన్నట్టున్నాయి," అన్నాను.

చివరి స్టాపులో పాత లైబ్రరీ భవనం ఉంది. మేడమీద గదికి బోర్డు: 'ఇచట ఫ్రెంచి నేర్పబడును.' మెట్లు నిటారుగా ఉన్నాయి. మధ్యలో గోడకు తగిలించిన ప్రపంచపటం చూడటానికి కాసేపు ఆగాను. చక్కటి పటం.

తలుపు సందులోంచి కనిపించినంతవరకు రాస్తున్నాను. ఎర్ర ఫ్రేము కళ్ళద్దాల టీచరు. బల్లల దగ్గర పది మందికి లోపే మనుషులు. వాళ్ళలో ఆయన. ఆయన పక్కన మన వీధి మలుపులో పూలకొట్టు నడిపే ఆవిడ. ఆవిడ ఏదో అంది. ఆయన నవ్వారు. పళ్ళు కనబడేలా.

మా పెళ్ళి ఫొటోలో కూడా ఆయన పళ్ళు కనబడవు.

సెప్టెంబరు 5, గురువారం

ఆయాసం: లేదు.

పిచ్చుక బడినుంచి వచ్చింది. పిచ్చుక అంటే నా మనవరాలు. వాళ్ళమ్మ, అంటే మా అమ్మాయి, పళ్ళ డాక్టరు దగ్గర పనినుంచి వచ్చేదాకా మా ఇంట్లోనే కూర్చుని చదువుకుంటుంది, లేదా చదువుకుంటున్నట్టు కనిపిస్తుంది. బడిలో దానికి ఫ్రెంచి ఉంది.

"నాకు ఫ్రెంచి చెప్పు," అన్నాను.

"నీకా? ఎందుకు అమ్మమ్మా?"

"నీ మార్కులు చూశాక ఇంట్లో ఒకరికైనా రావాలనిపించింది."

అది నావైపు కొంచెం ఎక్కువసేపు చూసింది. ఎందుకంతసేపు చూసిందో తరువాత ఆలోచించాలి.

"సరే. మొదటి పాఠం, నమస్కారాలు..."

"మీ క్లాసులో ఇప్పుడేం నడుస్తోంది?"

"ఫ్యుత్యుర్ ఆంతేరియర్ అని ఒక కాలం. ఇరవై ఏడున దానిమీదే పరీక్ష."

"అక్కణ్ణుంచే మొదలుపెట్టు."

"అలా కుదరదు అమ్మమ్మా. ముందు వర్తమానం రావాలి."

"వర్తమానంతో నాకు పనిలేదు. చెప్పు."

చెప్పింది. లెక్కలాగే ఉంది, బాగుంది. సహాయక్రియలు రెండు. ఒకటి 'కలిగి ఉండటం', రెండోది 'ఉండటం'. అసలు క్రియకు వీటిలో ఏది సరిపోతుందో చూసుకుని, దాన్ని భవిష్యత్తులో పెట్టాలి. దాని వెనక అయిపోయిన పనిని తగిలించాలి. జొరే ఫినీ: నేను ముగించి ఉంటాను. ఎక్కువ క్రియలకు మొదటిదే సరిపోతుంది. వెళ్ళడం, రావడం, పుట్టడం, చనిపోవడంలాంటి వాటికీ, లేవడం, మేలుకోవడంలాంటి తనకు తాను చేసుకునే పనులకీ రెండోది. జ సెరే పార్తీ: నేను వెళ్ళిపోయి ఉంటాను.

"అంటే ముందుకు వెళ్ళి నిలబడి వెనక్కి తిరిగి చూడటం అమ్మమ్మా. రేపు సాయంత్రం నిలబడి చూస్తే నా హోంవర్కు అయిపోయి ఉంటుంది."

"అయిపోయి ఉంటుందా?"

"వ్యాకరణంలో అయిపోయి ఉంటుంది," అంది.

ఇంకొక సంగతి కూడా చెప్పింది. ఇదే కాలాన్ని అనుమానానికీ వాడతారట. రావలసినవాడు రాలేదనుకోండి, ఇల్ ఒరా ఉబ్లియే, మరిచిపోయి ఉంటాడు. మనమూ అలాగే అంటాము కదా అంది. అంటాము. ఈ కాలాన్ని నాకోసమే పుట్టించినట్టున్నారు.

అభ్యాసం: ఆయన ఆమె పక్కనే కూర్చుని ఉంటారు. జనవరిలోనే పరిచయమై ఉంటుంది. నాకు తెలియదనుకుని ఉంటారు.

సెప్టెంబరు 9, సోమవారం

పొద్దున అమ్మాయి నన్ను ఆస్పత్రికి పరీక్షలకు తీసుకువెళ్ళింది. రక్తం తీశారు, ఫొటో తీశారు, ఊపిరి పట్టమన్నారు, వదలమన్నారు. అదంతా వాళ్ళ కాగితాల్లో ఉంది, నేను రాయక్కర్లేదు.

రాయవలసింది ఇది. ఇంటికి తిరిగి వచ్చేసరికి గుమ్మంలోనే మాడు వాసన. ఉప్పు డబ్బామీద పేరు గోడవైపు తిరిగి ఉంది. నా వంటింట్లో డబ్బాల పేర్లన్నీ బయటికే చూస్తాయి. బంగాళాదుంపలు నాలుగు తగ్గాయి. గుడ్లు రెండు లేవు. పాలగిన్నె దాని చోట లేదు. బట్టలు ఉతికే మెషీను వెనక దొరికింది, అడుగంతా బొగ్గు.

"ఎవరైనా వచ్చారా?" అన్నాను.

"రాలేదే," అన్నారు ఆయన. చూపుడువేలు మడిచి పెట్టుకున్నారు. విప్పించి చూస్తే బొబ్బ.

"ఇదేమిటి?"

"ఇస్త్రీ పెట్టె."

ఇస్త్రీ పెట్టెకు పాలు కాచే అలవాటు లేదు. ఆయన గుడ్డు పగలగొట్టడం నేను ఇంతవరకు చూడలేదు. నా వంటింట్లో ఎవరో వండారు. నేను ఆస్పత్రిలో ఊపిరి పట్టుకుని నిలబడ్డప్పుడు నా పొయ్యి ముందు ఎవరో నిలబడి ఉంటారు.

ఆడమనిషి వండితే ఇంత ఘోరంగా మాడుతుందా అని ఒక్క క్షణం అనిపించింది. కాని పూలకొట్టు ఆవిడకు వంట వచ్చని నాకెవరు చెప్పారు?

సెప్టెంబరు 11, బుధవారం

ఆయాసం: కొంచెం. ఇక్కడ రాశాను కాబట్టి ఇక నోటితో చెప్పక్కర్లేదు.

సెప్టెంబరు 13, శుక్రవారం

మళ్ళీ వెళ్ళాను. క్లాసు గది బయట ఒక బెంచీ ఉంది. తలుపు పైన గాలికోసం చిన్న కిటికీ తెరిచి పెడతారు. పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను.

ముందు టీచరు ఏదో అడిగింది. ఆయన లేచారు. కుర్చీ జరిగిన చప్పుడు బట్టే ఆయనేనని తెలుసు. నాతో ఎప్పుడూ మాట్లాడనంతసేపు మాట్లాడారు. ఆగి ఆగి, స్టాపు స్టాపుకీ నిలబెట్టి, కాని ఎక్కడా దిగిపోకుండా. నేను పట్టుకోగలిగినవి: 'మా ఫామ్'. 'మోర్త్'. ఆ తరువాత వరసగా జొరే, జొరే, జొరే. వాటి వెనక 'వాఁద్యు', 'దొనే', 'అప్రి'.

చివర పూలకొట్టు ఆవిడ ఏదో అంది. అందరూ నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు.

మాటలన్నీ పేపరు అంచున రాసుకున్నాను. దిగేటప్పుడు పటం దగ్గర ఆగలేదు. కింద గేటు దగ్గర ఆగాను.

సెప్టెంబరు 14, శనివారం

పిచ్చుకను కూర్చోబెట్టి ఒక్కొక్కటీ అడిగాను.

"వాఁద్యు?"

"అమ్మేసిన."

"దొనే?"

"ఇచ్చేసిన."

"అప్రి?"

"నేర్చుకున్న. ఇవన్నీ ఎక్కడ విన్నావు అమ్మమ్మా?"

"రేడియోలో. మోర్త్?"

"చనిపోయిన. ఆడమనిషైతే అలా అంటారు."

"మా ఫామ్?"

"నా భార్య." అది పెన్సిలు కొరుకుతోంది. "ఆ రేడియో నాటకం ఏదో దిక్కుమాలినదిలా ఉంది. వినకు."

పెన్సిలు కొరకడం దానికి చిన్నప్పటినుంచీ ఉంది. ఏదైనా దాస్తున్నప్పుడే కొరుకుతుంది.

తెచ్చుకున్నవన్నీ ఒక్కచోట పేరిస్తే వచ్చేది ఇది. నా భార్య చనిపోయింది. నేను అమ్మేసి ఉంటాను. ఇచ్చేసి ఉంటాను. నేర్చుకుని ఉంటాను. నాలుగు రకాలుగా పేర్చి చూశాను. ఎలా పేర్చినా మొదటి వాక్యం మారలేదు.

నేను ఇంకా ఉన్నాను. ఈ కాగితంమీద చేయి ఆడుతోంది. ఇరవై ఏడు ఇంకా రాలేదు. ఆయన మాత్రం ముందుకు వెళ్ళి నిలబడి, వెనక్కి తిరిగి చూసి, నన్ను ముగించేశారు. పది మంది ముందు. చప్పట్లతో.

సెప్టెంబరు 16, సోమవారం

ఆయాసం: ఆయాసం గురించి కాదు ఇప్పుడు.

"టీచరమ్మా," అన్నారు పొద్దున. ఆయన నన్ను మొదటినుంచీ అలాగే పిలుస్తారు. బడికి వెళ్ళడానికి ఆయన బస్సే ఎక్కేదాన్ని, అప్పటి పిలుపు అది. "నీ నీలం శాలువా ఎక్కడుంది?"

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే ఎవరూ శాలువా అడగరు."

"ఉందా లేదా అని."

'దొనే': ఇచ్చేసిన. శాలువాతో మొదలుపెట్టినట్టున్నారు. బీరువాకు తాళం వేసి తాళంచెవి నా దగ్గర పెట్టుకున్నాను.

సెప్టెంబరు 18, బుధవారం

ఆయనతో మాట్లాడటం లేదు. మధ్యాహ్నానికి ఆయన గమనించారు.

"ఏమైంది?" అన్నారు.

"ఏమీ అవలేదు. అయ్యాక ఎలాగూ తెలుస్తుంది."

నిలబడిపోయారు. ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచారు. నేను చూపుడువేలు ఎత్తాను. ఆపరేషన్ సంగతైతే వద్దని అర్థం. నోరు మూసుకుని చొక్కా ఇస్త్రీకి వెళ్ళారు.

సెప్టెంబరు 19, గురువారం

ఈరోజు ఆయనకు క్లాసు లేదు. పొద్దున్నే వెళ్ళి టీచరును పట్టుకున్నాను. గది ఊడుస్తోంది. నా పరిచయం చెప్పకుండానే అడిగాను.

"మీ దగ్గర సాయంత్రం ఒక పెద్దాయన చదువుకుంటారు. బస్సు డ్రైవరుగా చేశారు."

ఆవిడ చీపురు ఆపింది. "నా దగ్గర బస్సు డ్రైవర్లెవరూ లేరండీ. ఉన్నా నాకు తెలియదు. మీరు చెబుతున్నది కింది వాటా పెద్దమనిషి గురించా?"

"కింది వాటా ఏమిటి?"

వెనక గోడ చూపించింది. గోడ నిండా ఒక మేడ బొమ్మ. అంతస్తులు, కిటికీలు, కిటికీల్లో మనుషులు. గీసినది పిల్లలు కారు, పెద్దవాళ్ళే, కాని గీత పిల్లలదే. ఆవిడ చదువు చెప్పే పద్ధతి ఇదట. గుమ్మం దాటి లోపలికి రాగానే ఎవరి పేరు, ఎవరి బతుకు వాళ్ళు బయట వదిలెయ్యాలి. ఈ మేడలో ఒక వాటా తీసుకుని కొత్త మనిషి అయిపోవాలి. ఏడాదంతా ఆ మనిషిలాగే ఫ్రెంచిలో మాట్లాడాలి, పోట్లాడుకోవాలి, ఉప్పూ పంచదారా అప్పడగాలి. అసలు పేరు ఎత్తితే గదినుంచి బయటికే.

"సొంత సంగతులు చెప్పమంటే పెద్దవాళ్ళకు నోరు పెగలదండీ. ఇంకొకరి సంగతైతే ఆగరు," అంది. "మూడో అంతస్తులో ఉంటుందే, ఆవిడ సర్కసులో పులుల్ని ఆడించేది. బయట ఏం చేస్తుందో నాకు తెలియదు."

పూలు అమ్ముతుందని నేను చెప్పలేదు.

కింది వాటా కిటికీలో టోపీ పెట్టుకున్న మనిషి. ఓడ నడిపి రిటైరయ్యాడు. భార్య చనిపోయింది. ఏడాది తిరిగేసరికి ఓడ అమ్మేసి ఉంటాడు, ఆమె వస్తువులు ఎవరెవరికో ఇచ్చేసి ఉంటాడు, పాలు మాడకుండా కాచడం నేర్చుకుని ఉంటాడు. మూడో అంతస్తు ఆవిడ, 'మాన్స్యూర్, అప్పటికి నా పులులు కూడా నేర్చుకుని ఉంటాయి,' అందట. దానికే ఆ చప్పట్లు.

నేను కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ నీళ్ళిచ్చింది.

"ఆ భార్య... మొదటినుంచీ చనిపోయే ఉందా?"

"లేదండీ. జనవరిలో బ్రహ్మచారి అన్నారు. ఆగస్టులో ఒకరోజు వచ్చి, 'నాకు భార్య ఉండేది, మార్చండి,' అన్నారు. వద్దు మాన్స్యూర్, సరదాగా ఏదైనా తీసుకోండి అన్నాను. వినలేదు."

ఆపరేషన్ తేదీ ఖాయమైంది ఆగస్టులో.

"అప్పటినుంచీ ఈ ఒక్క కాలంమీదే పడ్డారు," అంది టీచరు. "ఒక వాక్యమైతే క్లాసు అయ్యాక నన్ను విడిగా అడుగుతారు. మళ్ళీ మళ్ళీ అడుగుతారు. మేలుకోవడానికి రెండో సహాయక్రియ రావాలి కదండీ, ఆయన ప్రతిసారీ మొదటిదే పెడతారు. అందరిముందు మాత్రం ఆ వాక్యం ఎప్పుడూ అనలేదు."

"ఏమిటది?"

"ఎల్ స సెరా రెవెయ్యే. ఆవిడ మేలుకొని ఉంటుంది."

వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర అడిగింది. "ఆయన ఇంట్లోవాళ్ళు మీకు తెలుసా? ఇంట్లో అభ్యాసం చేయండి అంటే, ఇంట్లో చెబితే దిద్దుతారండీ అన్నారు."

"కొద్దిగా తెలుసు," అన్నాను.

సెప్టెంబరు 20, శుక్రవారం

ఆయాసం: ఉంది. అమ్మాయికి చెప్పాను. డాక్టరుకు ఫోను చేసింది, మాత్ర మార్చారు.

టీచరు చెప్పినదంతా నమ్మడానికి లేదు. ఇలాంటివాళ్ళు తమ విద్యార్థుల్ని వెనకేసుకొస్తారు, నేను చేశాను కాబట్టి తెలుసు. పిచ్చుకను విడిగా విచారించాను.

"తాతయ్యకు ఇంట్లో ఫ్రెంచి ఎవరు దిద్దుతున్నారు?"

పెన్సిలు నోట్లోకి వెళ్ళింది. తీయించాను.

"నేనే. నీకు చెప్పనని ఒట్టు పెట్టించుకున్నారు అమ్మమ్మా. నువ్వు కూడా నేర్పమనేసరికి నాకు పిచ్చెక్కింది. ఇటు నువ్వు, అటు ఆయన, ఇద్దరిదీ ఒకటే పాఠం. నా పాఠం మాత్రం చదవలేదు."

"పాలు కాయడం?"

"అదీ నేర్పాను. గుడ్డు కూడా. ఆయన నేర్చుకోలేదు. నువ్వు ఆస్పత్రినుంచి వచ్చాక చేసి పెట్టాలట."

"గిన్నె దాచింది ఎవరు?"

"అది తాతయ్య సొంత ఆలోచన," అంది.

సెప్టెంబరు 22, ఆదివారం

రోజంతా ఆయనను గమనించాను. పేపరు చదివారు. నా మాత్రలు వేళకు తెచ్చి బల్లమీద పెట్టారు. నేను చూడటం లేదనుకున్నప్పుడు నావైపు చూశారు, బస్సులో అద్దంలోంచి వెనక సీటు చూసినట్టు.

మాట్లాడవద్దన్నాను. మాట్లాడలేదు. ఇన్నాళ్ళూ మంచిదే అనుకున్నాను.

సెప్టెంబరు 23, సోమవారం

ఆయనకంటే ముందు బస్సెక్కాను. మెట్లు ఎక్కి, పటం దగ్గర ఆగి, మళ్ళీ ఎక్కాను. టీచరు నన్ను చూసి ఏమీ అడగలేదు. రెండో అంతస్తులో ఒక కిటికీ ఖాళీగా ఉందంది. అందులో ఒక ముఖం గీశాను. ముక్కు బాగా రాలేదు.

మిగతావాళ్ళు వచ్చారు. పూలకొట్టు ఆవిడ నన్ను గుర్తుపట్టి, చేతిసంచిలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది. మంచిమనిషే అయి ఉంటుంది.

ఆయన వచ్చారు. ఇస్త్రీ చొక్కా. గుమ్మంలో నన్ను చూసి, ఎర్రలైటు పడ్డట్టు ఆగిపోయారు. వెనక వచ్చినవాళ్ళు పక్కనుంచి దాటుకుని వెళ్ళారు.

"రండి మాన్స్యూర్," అంది టీచరు. "మీ మేడలోకి కొత్తవారు దిగారు. అన్నీ ఫ్రెంచిలోనే, గుర్తుంది కదా."

కూర్చున్నారు. నేను లేచి నిలబడ్డాను. జరిగినదంతా ఫ్రెంచిలో జరిగింది. మధ్యమధ్య మాట తట్టకపోతే పూలకొట్టు ఆవిడ అందించింది.

"నేను రెండో అంతస్తు," అన్నాను. "శుక్రవారానికి ఒక మరమ్మతు చేయించుకుని ఉంటాను."

ఆయన అడిగారు. "ఎక్కడ, మదామ్?"

ఆ మాట నాకు తెలియదు. చేయి గుండెమీద పెట్టి చూపించాను.

"మీరు ఒంటరిగా ఉంటారా?"

పెళ్ళయ్యాక ఆయన నన్ను 'మీరు' అనడం ఇదే మొదటిసారి. ఆ భాషలో కొత్తవాళ్ళను అలాగే అనాలి.

"మా ఆయన నాకు ఏమీ చెప్పి ఉండరు," అన్నాను.

టీచరు దిద్దింది. "చెప్పరు అనాలి మదామ్. ఇక్కడ వర్తమానం వస్తుంది."

"నాకు వర్తమానం రాదు," అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. లేచి నిలబడ్డారు. రెండు చేతులూ స్టీరింగు పట్టుకున్నట్టు ముందు కుర్చీ వీపు పట్టుకున్నారు.

"ఆయనకు భయం వేసి ఉంటుంది, మదామ్."

"నాకు చెప్పి ఉండవలసింది."

"మీరు వద్దని అని ఉంటారు."

ఇది మేడ ఇరుగుపొరుగు కబురు కాదని అందరికీ అర్థమై ఉంటుంది. టీచరు చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది.

"మరి శుక్రవారం సాయంత్రానికి, మాన్స్యూర్?" అన్నాను. "శుక్రవారం సాయంత్రానికి ఏమై ఉంటుంది?"

ఆయన మొదలుపెట్టారు. మొదటి సహాయక్రియ పెట్టారు. ఆగారు. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ అదే. టీచరు నోరు తెరవబోయింది. నేను ఆమెను చూడకుండానే చేయి అడ్డం పెట్టి, ఆయనకు రెండు వేళ్ళు చూపించాను. రెండోది.

ఆయన నా వేళ్ళవైపు చూశారు. తరువాత నావైపు.

"ఎల్ స సెరా రెవెయ్యే," అన్నారు. తప్పు లేకుండా.

బస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. కిటికీవైపు ఆయన.

"ఫ్రెంచే ఎందుకు?" అన్నాను.

"చివరి స్టాపులో ఆ బోర్డు ముప్పై ఏళ్ళు చూశాను టీచరమ్మా. ఒకసారి లోపలికి వెళ్ళి చూద్దామని."

"పోస్టుమాస్టరుగారు గుర్రంతో గెలిచారన్నారు."

కాసేపు ఆగారు. "గెలిచే ఉంటారు," అన్నారు. "రెండు పక్కలా ఆయనే కదా."

నవ్వవలసి వచ్చింది. ఆయాసం వచ్చింది. ఆయన చేయి పట్టుకుని, స్టాపు వచ్చేదాకా వదల్లేదు. డ్రైవరు అద్దంలోంచి చూశాడు, ఏమీ అనలేదు. ఆ బోర్డు వాళ్ళకు కూడా ఉంటుంది.

సెప్టెంబరు 25, బుధవారం

ఆస్పత్రి సంచి సర్దుతుంటే ఆయన వచ్చి నిలబడ్డారు. "వార్డులో చలిగా ఉంటుందట. నీ నీలం శాలువా ఎక్కడుందని అందుకే అడిగాను."

బీరువా తాళం తీశాను.

ఇంకా ఏదో దాస్తున్నారని నా అనుమానం. పొద్దున వంటింట్లో కొత్త పాలగిన్నె కనిపించింది. దీని అడుగు కూడా అప్పుడే నల్లబడింది.

సెప్టెంబరు 26, గురువారం. ఆస్పత్రి.

ఆయాసం: ఉంది. వాపు: ఉంది. డాక్టరు ఈ డైరీ చూపించమన్నాడు. ఆ రెండు వరుసలూ వేరే కాగితంమీదకు ఎత్తి ఇచ్చాను. మిగతాది డాక్టరుకెందుకు?

నర్సు వచ్చి రేపటి వరస చెప్పింది. నా వరస కూడా రాసి పెడుతున్నాను. ఈ పేజీ మా ఆయనకు చూపించమని అమ్మాయికి చెప్పాను. ఈ ఒక్క పేజీయే.

1. రేపు పొద్దున నన్ను లోపలికి తీసుకువెళ్ళేసరికి మీరు ఇక్కడికి వచ్చి ఉండాలి. మొదటి బస్సు ఎప్పుడో మీకు నేను చెప్పక్కర్లేదు.

2. అప్పటికే ఏదైనా తిని ఉండాలి. తినకుండా తిన్నానంటే నాకు తెలుస్తుంది.

3. నన్ను లోపలికి పంపేముందు చెప్పవలసింది ఏదైనా ఉంటే చెప్పాలి. ఏ భాషలోనైనా సరే. నేను వేలు ఎత్తను.

4. పిచ్చుక పరీక్ష రాసి ఉండాలి. నా పేరు చెప్పి మానడానికి వీల్లేదు. దానికి పాఠం వచ్చు, ఇద్దరికి నేర్పింది.

5. నేను ఇంటికి వచ్చేసరికి మాడిన గిన్నెలు రెండూ తోమి, వాటి చోట పెట్టి ఉండాలి. ఉప్పు డబ్బా పేరు బయటికి తిరిగి ఉండాలి.

6. కింది వాటా పెద్దమనిషి భార్య చనిపోయి ఉండకూడదు. టీచరుతో మాట్లాడి మార్పించండి. ఊరు వెళ్ళిందని చెప్పవచ్చు. రెండో అంతస్తు కిటికీ మాత్రం ఎవరికీ అద్దెకివ్వవద్దనండి.

7. సాయంత్రం నా మంచం దగ్గరకు వచ్చి ఆ వాక్యం అనాలి. రెండో సహాయక్రియతో. తప్పు చెబితే దిద్దడానికి నేను మేలుకొని ఉంటాను.